నీ కుక్క

"నీ కుక్క మళ్ళీ కక్కింది చూడు," అన్నారు మా ఆయన, కాళ్ళు సోఫా మీదికి ముడుచుకుంటూ. చూశాను. చూడటం, తుడవటం, కడగటం, ఆ గుడ్డ విడిగా ఉతకటం, అన్నీ మా ఇంట్లో ఆ ఒక్క "చూడు"లోకే వస్తాయి. స్నేహితులొస్తే మాత్రం నల్లది ఆయన కుక్క. "మా నల్లది ఎంత తెలివైందో," అంటూ దానిచేత షేక్‌హ్యాండ్ ఇప్పిస్తారు. పిల్లల విషయంలోనూ ఇదే వరస. ఫస్టొస్తే ఆయన పోలిక, ఫెయిలైతే నా పెంపకం.

ఇంతకుముందు టీకాలేసే డాక్టరు, దీనికి పిల్లలు వద్దనుకుంటే ఆపరేషన్ చేయించెయ్యమన్నాడు. "ఆడపుట్టుక పుట్టాక కనకపోతే ఎలా," అన్నారు అత్తగారు. ఈయనేమో అప్పటికే స్నేహితులకు కుక్కపిల్లల్ని ఇస్తానని మాటిచ్చేశారు. మాటలు వీళ్ళవి, కాన్పులు దానివి, నిద్ర మానుకుని పాలు పట్టడం నాది. రేపు దీనికి ఒంట్లో బాగోకపోతే అక్కరకొస్తుంది, నా జీతంలోంచి నెలనెలా కొంత పక్కన పెడదామన్నాను. "కుక్కకి పింఛనా?" అని పడీపడీ నవ్వారు. బండికి ఇన్సూరెన్స్ కడుతున్నాం కదా అంటే, "బండి అమ్మితే డబ్బులొస్తాయే పిచ్చిదానా," అన్నారు. నా జీతం పడేది జాయింటు అకౌంటులో. జాయింటంటే నేను వేస్తాను, ఆయన తీస్తారు.

ఈసారి కక్కటంతో ఆగలేదు. నల్లది తిండి మానేసింది, నీళ్ళు మాత్రం గిన్నెలకు గిన్నెలు తాగుతోంది. టీకాల డాక్టరు ఫోనెత్తలేదు. ఇంకొకాయన పెద్ద పశువుల్ని తప్ప చూడనన్నాడు. చివరికి ఆఫీసులో పక్కసీటావిడ తన పిల్లిని చూసే డాక్టరమ్మ నంబరిచ్చింది. సెలవడిగితే మేనేజరు, "మనుషులకే దిక్కులేదు మేడమ్," అన్నాడు. మొన్న కారు సర్వీసింగుకని సగంరోజు సెలవు పెట్టిన మనిషే.

డాక్టరమ్మ పొట్ట తడిమి, స్కాన్ చేసి, "గర్భసంచి నిండా చీము పట్టిందమ్మా. ఇవాళే తీసెయ్యాలి, ఆగితే బతకదు," అంది. ఆపరేషన్‌కి ఎంతవుతుందో, తర్వాత మందులకెంతో, విడతలుగా ఎలా కట్టుకోవచ్చో ఓపిగ్గా చెప్పింది. ఒక ఖర్చు గురించి నన్ను కూర్చోబెట్టి ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు.

అలవాటు కొద్దీ ఆయనకు ఫోన్ చేశాను. "దాని పనైపోయింది. ఇంజెక్షన్ వేయించేసి వచ్చెయ్. ఆ డబ్బుకి మంచి జాతికుక్క వస్తుంది," అన్నారు. పక్కనుంచి అత్తగారు, "కడుపున పుట్టినవాళ్ళకే ఎవరూ ఇంత చెయ్యరు," అంటున్నారు. కాన్పులయ్యాయి, గర్భసంచి చెడింది, ఇక పనైపోయింది. ఆయన అన్నది నల్లదాన్నే. నాకు మాత్రం నన్నే అన్నట్టు వినిపించింది. ఫోన్ పెట్టేశాను. బల్ల మీద నల్లది తోక ఆడించాలని చూసి, చేతకాక ఊరుకుంది.

"యజమాని ఒప్పుకున్నారా అండీ?" అని అడిగింది కౌంటర్లో అమ్మాయి.

"ఆయన ఇంట్లో ఉన్నారు," నా నోరు దానంతటదే అనేసింది.

ఆ అమ్మాయి నవ్వాపుకుంది. "మీ యజమాని కాదండీ. కుక్క యజమాని."

సిగ్గుతో చచ్చిపోయాను. సిగ్గు వెనకే కోపం వచ్చింది. ఆయన మీద, అత్తగారి మీద, అన్నిటికంటే నా నోటి మీద. దాని మలమూత్రాలెత్తింది నేను, పురుళ్ళు పోసింది నేను, డాక్టరు కోసం ఊరంతా ఫోన్లు చేసింది నేను. అడగ్గానే నాకు గుర్తొచ్చింది ఆయన.

"నేనే. ఒప్పుకున్నాను, తీసుకెళ్ళండి," అన్నాను. ఎవర్నీ అడక్కుండా ఎప్పుడూ వాడని జాయింటు అకౌంటు కార్డు తీసి డబ్బు కట్టాను. వచ్చే నెల నుంచి నా జీతం నా ఒక్కదాని పేరున ఉన్న అకౌంటులో వెయ్యమని ఆఫీసుకు మెసేజ్ పెట్టాను.

డబ్బు కట్టిన కబురు బ్యాంకు ఆయనకూ చేరవేసినట్టుంది, వెంటనే ఫోనొచ్చింది.

"ఎవర్నడిగి కట్టావ్?"

"యజమానిని."

"నన్నెప్పుడడిగావ్?"

"మిమ్మల్ని కాదు," అన్నాను.