వీడ్కోలు సభలో దుబాసీ

పద్నాలుగు మందికి బంగాళాదుంపలు చెక్కు తీస్తూ కూర్చుంది నెలిదా. ఐర్లండు నుంచి సేవ చేయడానికొచ్చిన వాళ్ళకు ఆ కొండ ఊళ్ళో ఇది చివరి వారం. యువజన క్లబ్బు గోడలకు రంగులేశారు, పిల్లలతో ఆడారు. పెరూ దాకా వచ్చి ఊరికే పని చేస్తున్నారని అందరూ వాళ్ళను మెచ్చుకుంటున్నారు. ఏటా వచ్చే ఇలాంటి బృందాలకు తొమ్మిదేళ్ళుగా నెలిదాయే మూడు పూటలా వండుతోంది, వాళ్ళ దుప్పట్లు ఏటి చన్నీళ్ళలో ఉతుకుతోంది. దాన్నెవరూ సేవ అనలేదు. ఒకసారి నడుం పట్టేసి లేవలేకపోతే, క్లబ్బు అధ్యక్షుడైన ఆమె భర్త విల్ఫ్రెదో, "సముద్రాలు దాటొచ్చి వాళ్ళు చాకిరీ చేస్తుంటే, ఇంట్లో కూర్చుని నాలుగు దుంపలు ఉడకెయ్యడానికి నీకు నొప్పులొచ్చాయా?" అన్నాడు. అత్తగారు నవ్వింది. అంట్లు తోమడానికి సాయమొచ్చే ఆ బృందాల అమ్మాయిల దగ్గరే నెలిదా ఇంగ్లీషు నేర్చుకుంది. అది తెలిశాక సభల్లో భర్త మాటల్ని వాళ్ళకు చెప్పే పని కూడా ఆమె నెత్తినే పడింది. నేనన్నదే చెప్పు, సొంత మాట కలపకు అని ప్రతిసారీ హెచ్చరిస్తాడు.

క్లబ్బు ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టులో గోల్ కాసే రొక్సానా రెండు వారాలుగా ఆటకు రావడం లేదు. దానికి పద్నాలుగేళ్ళు. చూసొద్దామని మంగళవారం నెలిదా వాళ్ళింటికి వెళ్ళింది. పిల్ల తలెత్తకుండా, "బంతుల గదిలోకి రమ్మని గడియ పెట్టాడత్తా" అంది. ఎవరని అడగక్కర్లేకపోయింది. ఆ గది తాళం తీసేది ఆట నేర్పే ఎదిల్బెర్తో ఒక్కడే. అతను విల్ఫ్రెదోకి సొంత తమ్ముడు. తల్లి గుమ్మంలోనే నిలబడి, ఎవరికి చెప్పుకోమంటావక్కా, అధ్యక్షుడు మీ ఆయనేగా అంది. నెలిదాకి తల కొట్టేసినట్టయింది. తమ ఇంట్లో ఉండే ఆ తాళంచెవిని మరిదికి తన చేత్తో ఎన్నిసార్లు అందించిందో గుర్తొచ్చింది.

ఆ సాయంత్రమే భర్తకు చెప్పింది. అతను భోజనం ఆపలేదు. పిల్ల ఏదో ఊహించుకుని ఉంటుందన్నాడు. శుక్రవారం అతిథులు వెళ్ళేదాకా నోరు మూసుకోమన్నాడు. "క్లబ్బు మూతపడితే ఊరు తిట్టేది నిన్నే. వంట చూసుకో, చాలు."

మర్నాడు అంట్లు తోముతూ, బృందం నాయకురాలు మోరీన్‌కి ఇంగ్లీషులో చెప్పింది. మాటలు వెతుక్కుంటూ, తడబడుతూ అంతా చెప్పింది. మోరీన్ ఆమె చేతులు పట్టుకుని ఏడ్చింది. గురువారం పొద్దున మాత్రం కళ్ళలోకి చూడకుండా, తామంతా మాట్లాడుకున్నామంది. తాము అతిథులమనీ, ఇది ఊరివాళ్ళే తేల్చుకోవాల్సిన విషయమనీ, తిరిగి వెళ్ళాక నివేదికలో రాస్తామనీ చెప్పింది. నెలిదా సరేనంది. ఆ రోజంతా పొయ్యి ముందు కూర్చుని ఆలోచించింది. పరాయి భాష నేర్చుకున్నందుకు ఇన్నాళ్ళూ లోలోపల గర్వపడింది. తనకున్న ఒక్క కిటికీ అదేననుకుంది. ఆ కిటికీలోంచి ఎంత అరిచినా అవతలి వాళ్ళు జాలిపడతారు, తర్వాత సామాన్లు సర్దుకుంటారు. చెప్పుకోవాల్సింది వాళ్ళకేనా? ఊళ్ళో వాళ్ళకు తను చెప్పిందెప్పుడు?

శుక్రవారం వీడ్కోలు సభకు ఊరంతా వచ్చింది. తల్లులు ఎప్పటిలాగే వెనక బల్లల మీద కూర్చున్నారు. విల్ఫ్రెదో స్పానిష్‌లో ఉపన్యసించాడు. అతిథులకు కృతజ్ఞతలు చెప్పి, తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు.

"మన ఆడపిల్లల్ని కన్నతండ్రిలా చూసుకునే ఎదిల్బెర్తోకి చప్పట్లు కొట్టండి."

చప్పట్లు మోగాయి. ఇంగ్లీషులో చెప్పమన్నట్టు భార్య వైపు చూశాడు. నెలిదా ముందుకొచ్చింది. అతిథుల వైపు కాకుండా వెనక బల్లల వైపు తిరిగి, వాళ్ళ వంటిళ్ళలో మాట్లాడుకునే కెచువా భాషలో మొదలుపెట్టింది.

"ఇంటికెళ్ళాక మీ కూతుళ్ళను దగ్గర కూర్చోబెట్టుకోండి. ఇతను బంతుల గదిలో గడియపెట్టి ఏం చేశాడో అడగండి. నాకు ఒక పిల్ల చెప్పింది. ఒక్కతే అయి ఉండదు."

విల్ఫ్రెదో ఆమె జబ్బ పట్టుకుని లాగాడు. ఆమె కదల్లేదు. ఏమంటోంది, ఏమంటోంది అని మోరీన్ పక్కవాళ్ళను అడుగుతోంది. ఆమెకు ఇంగ్లీషులో చెప్పగలిగిన వాళ్ళు ఆ సభలో ఇంకెవరూ లేరు.

వెనక బల్ల మీద ఒక తల్లి లేచి నిలబడింది. రొక్సానా తల్లి కాదు.