ఏ పావు?

పావంటే తూకమా, కొలతా? నంద్యాల అంగట్లో పావు చీజ్ అడిగితే పావు కిలో ఇచ్చారు. ఆళ్లగడ్డలో ఉండే అత్త లాల్‌బీకి మాత్రం పావంటే బియ్యం కొలిచే డబ్బా. నిలోఫర్ చీజ్ తురిమి తన ఇంట్లోని అలాంటి డబ్బాలో పోసింది. తురుములో సగం కూడా పట్టలేదు. నొక్కితే ఇంకా పడుతోంది.

"సమోసాలకు పావు చీజ్ చాలని అమ్మే చెప్పింది. పావంటే పావే, ఇంకేందీ?" భర్త ఫయాజ్ నవ్వాడు.

సాయంత్రం ఇఫ్తార్‌కు అత్త వస్తోంది. పోయినసారి కోడలి సమోసాలను అందరి ముందూ ఎగతాళి చేసింది. అప్పట్నుంచి నిలోఫర్ ఆమెను ఏదీ అడగలేదు. అడిగితే చిన్నబోతానని భయం. ఇన్నాళ్లూ ఆ ఎగతాళి మాటను కూడా ఇలాగే లోపలికి నొక్కుతూ వచ్చానేమో అనుకుంది.

చెయ్యి తుడుచుకుని ఫోన్ చేసింది.

"అత్తా, మీ పావు తూకమా, డబ్బానా?"