కాడ రాలే దాకా

ముప్పై ఎనిమిదో పెట్టెను ముందుకు లాక్కుని అషీల్ మళ్ళీ దగ్గాడు. నలభై ఏళ్ళుగా పీల్చిన దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. దగ్గు ఆగేదాకా రెండు చేతులూ బల్లకు ఆనించి నిలబడడం అలవాటైంది. వేళ్ళు బండబారాయి. గోళ్ళ సందుల్లోని మట్టి ఏ సబ్బుకూ లొంగదు.

లోక్రిస్తి ఊరి పొలాల్లో మొదటి మంచుకు బెగోనియా పూలమొక్కల ఆకులు ఉడికినట్టు నల్లబడగానే దుంపలు తవ్వి షెడ్డులో ఆరబెడతారు. కాడ దానంతటదే రాలాలి. లాగితే దుంపకు పుండు పడి, క్రిస్మస్‌కల్లా లోపల్లోపలే కుళ్ళుతుంది. అషీల్ రోజూ ప్రతి కాడనూ వేలికొసతో తట్టి చూస్తాడు. రాలితే సరే, లేకపోతే రేపు.

"ఏమయ్యా, ముద్దులు కూడా పెడతావా వాటికి?" అంది ఎదుటి బల్ల దగ్గర ఇర్మా. ఇరవై ఏడేళ్ళుగా ఆ బల్ల ఆమెది.

"నీకు పెట్టమంటావా?"

"ఛీ, ముసలి పీనుగా! ముందు ఆ దగ్గు సంగతి చూసుకో."

అతని మోచేతి దగ్గర ఒక బిస్కెట్ల డబ్బా. అందులో పొడిమట్టి మీద ఒకే ఒక్క దుంప, ఇంకా కాడతోనే. కొత్త రకం కోసం పన్నెండేళ్ళు పువ్వుకు పువ్వు కలిపి, వేల మొలకలు పారేసి, పోయిన జులైలో సాధించాడు దాన్ని. లేత పసుపు పువ్వు, అంచున సన్నటి ఎర్రగీత. ఈ చలికాలం గట్టెక్కితే వసంతంలో చిగుళ్ళు కోసి నాటి, ఒకదాన్ని వంద చేస్తాడు. మూత లోపల పెన్సిల్‌తో దానికి పేరు కూడా రాసుకున్నాడు: జుల్మా. అతని భార్య. పోయి పద్నాలుగేళ్ళు. పూలతోటలో పనిచేస్తూ కూడా ఆమె చేతికి ఏనాడూ ఒక పువ్వు ఇచ్చి ఎరుగడు, దౌర్భాగ్యుడు.

యజమాని యోరిస్ తలుపు తోసుకొచ్చాడు. పొలం, షెడ్డు అమ్మేశాడతను. "రెండింటికి లారీ వస్తోంది పెద్దాయనా. కాడలు లాగి పారెయ్యండి."

"కుళ్ళిపోతాయి బాబూ."

"కుళ్ళితే కొన్నవాడి దగ్గర కుళ్ళుతాయి లే."

ఇర్మా లాగసాగింది. అషీల్ మాత్రం తట్టి చూస్తూనే ఉన్నాడు. మధ్యాహ్నం సగం రొట్టె తిని, బోర్లించిన పెట్టె మీద కూర్చుని, ఎప్పటిలాగే గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. ఇర్మా లేపబోయేసరికి చెయ్యి చల్లగా తగిలింది.

డాక్టర్ వచ్చాడు. బండి వచ్చి అషీల్‌ను తీసుకుపోయింది. ఇర్మా గేటు దాకా వెళ్ళి తిరిగొచ్చేలోగా లారీ కూడా కదిలిపోయింది. బల్లలన్నీ ఖాళీ.

"ఈ డబ్బాలో దుంప ఏది?"

"ఎక్కించేశాం," అన్నాడు యోరిస్.

"ఏ పెట్టెలో వేశావయ్యా?"

"ఏమో. దుంపకూ దుంపకూ తేడా ఏముంది?"

నిజమే, పువ్వు పూసే దాకా ఏ తేడా తెలియదు. జులైలో ఎవరో ఒకామె బాల్కనీలో, ఎర్రపూల మధ్య ఒక పసుపు పువ్వు పూస్తుంది. కొట్టువాడు మోసం చేశాడని ఆమె తిట్టుకుంటుంది. ఇర్మా డబ్బా మీదికి వంగి భోరున ఏడ్చింది.

డబ్బాలో పొడిమట్టి మీద ఒక ఎండుకాడ ఉంది. దాని కొస ఎక్కడా చీలలేదు, నున్నగా, గుండ్రంగా, దానంతటదే రాలినట్టుంది.