శ్రుతి చేసిన ఏడుపు

టైర్ల దుకాణం మీద రెండో అంతస్తులో ఉన్న ఆ పాటల రికార్డింగు స్టూడియోలో ఇంజినీరు పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాడు. అందరూ ఇంజినీరు గారనే పిలిచేవారు గానీ, ఆయన చేసేదాంట్లో సగం చాకిరీయే. మైకు ముందు అడ్డంగా ఉండే గుడ్డ జాలీని వారానికోసారి ఊడదీసి సబ్బునీళ్లలో ఉతకడం కూడా ఆయన పనే. వారంలో పాతికమంది దాని మీద ఊపిరి వదిలేవారు. సిగరెట్లు, దగ్గుమందు, పొద్దున తిన్న ఉల్లిపాయ, అన్నీ కలిసి దానికి ఒకటే కంపు. పాటలు వినేవాళ్లు ఈ జాలీ ఒక్కసారి వాసన చూస్తే మళ్లీ పాట జోలికి రారని భార్యతో నవ్వుతూ అనేవాడు. అప్పట్లో ఆయనకి అసహ్యమంటే ఆ మాత్రమే తెలుసు.

ఆ మైకు ముందు పాడేవాళ్లలో ఆయనకి ఇష్టమైన మనిషి ఒకామె ఉండేది. అందరూ సన్నాయి అనేవారు. గొంతు సన్నగా, ఎక్కడా తెగకుండా సాగుతుందని ఎవరో అన్న మాట పేరైపోయింది. నలభైకి దగ్గర పడింది. పేరున్న గాయనుల వెనక కోరస్, సబ్బుల ప్రకటనలు, బడిపిల్లల పద్యాలు, ఏది దొరికితే అది పాడి తల్లినీ తమ్ముణ్ణీ పోషించుకుంటూ వచ్చింది. రెండోసారికల్లా పాట ముగించేది. గొంతు బాగోలేదని, మూడ్ లేదని ఒక్కనాడు గునిసింది లేదు. ఇంజినీరుని "అన్నా" అనేది. ఆయనకి సొంత చెల్లెళ్లు లేరు. ఆ పిలుపు వింటే లోపల ఎక్కడో కొంచెం గర్వంగా ఉండేది.

ఇన్నేళ్లకి ఆమెకి ఒక పాట పూర్తిగా దక్కింది. రోజూ సాయంత్రం వచ్చే టీవీ సీరియల్లో తల్లి చనిపోయే ఘట్టానికి పాట. చేయిస్తున్నది సీరియళ్ల సంగీత దర్శకుడు. ఆయన్ని మాస్టారు అనేవారు. మాస్టారికి కమలాపళ్ల పిచ్చి. కంట్రోలు గదిలో కూర్చుని పండు వలుస్తూ, తొనలు నములుతూ, గింజలు అరచేతిలోకి ఉమ్ముకుంటూ, అవే వేళ్లతో మిక్సరు మీటలు జరిపేవాడు. ఆయన వెళ్లాక ఇంజినీరు ఒక్కో మీటనీ స్పిరిట్‌తో తుడుచుకునేవాడు.

రికార్డింగు రోజు పదకొండు గంటలకి మొదలుపెట్టారు. ఫోను గాయకుల గదిలో ఉంటే మైకులోకి గుర్రుమని చప్పుడొస్తుంది కనక సన్నాయి తన ఫోను మిక్సరు పక్కన ప్లాస్టిక్ పళ్లెంలో పెట్టి లోపలికి వెళ్లింది. మొదటి టేకు సగంలో ఉండగా ఆ ఫోను వెలిగింది. తెర మీద 'తమ్ముడు' అని ఉంది.

"మాస్టారూ, ఆ అమ్మాయికి ఇంటి నుంచి ఫోను," అన్నాడు ఇంజినీరు.

"టేకు అవనీ."

టేకు అయింది. మాస్టారికి నచ్చలేదు. "గొంతు బాగుందమ్మా, ఏడుపే లేదు. తల్లి శవం ముందు కూర్చుని కచేరీ చేస్తున్నట్టుంది. ఇంకోటి," అన్నాడు మైకులో. ఫోను మళ్లీ వెలిగింది. ఆరిపోయింది. మళ్లీ వెలిగింది. ఇంజినీరు మాస్టారి వంక చూశాడు. మాస్టారు కమలాపండు వంక చూస్తున్నాడు. ఇంకోసారి చెబితే విసుక్కుంటాడేమో, పని వేరే స్టూడియోకి పట్టుకుపోతాడేమో అనుకుని ఇంజినీరు నోరు మెదపలేదు. రెండో టేకు, మూడోది, నాలుగోది. ఈలోగా ఫోను పదకొండుసార్లు వెలిగింది. ఆయన లెక్కపెట్టలేదు, తర్వాత ఫోనే ఆ లెక్క చూపించింది.

నాలుగో టేకు అయ్యాక ఇక ఉండబట్టలేక ఆయనే మీట నొక్కి, "అమ్మాయ్, ఇంటి నుంచి చాలాసార్లు చేశారు, ఒకసారి మాట్లాడు," అన్నాడు. సన్నాయి తలుపు తీసి ఫోను అందుకుంది. ఆ ఫోనులో చెవికి ఆనించుకుని వినే స్పీకరు ఎప్పుడో పాడైంది. ఎవరితో మాట్లాడినా నలుగురికీ వినబడాల్సిందే. అందుకని మళ్లీ గదిలోకి వెళ్లి తలుపు మూసుకుంది. రికార్డింగు ఇంకా నడుస్తూనే ఉంది.

"అమ్మ పోయిందక్కా," అన్నాడు తమ్ముడు.

ఆ తర్వాత సన్నాయి నోట్లోంచి వచ్చిన దాన్ని ఏడుపనాలో, కేకనాలో ఇంజినీరుకి తెలియలేదు. కింద నుంచి మొదలై పైకి పోయి, అక్కడే విరిగి, మళ్లీ ఊపిరి అందక వెనక్కి లాగింది. తమ్ముడు అవతల ఇంకేదో చెబుతూనే ఉన్నాడు. ఆమె వినే స్థితిలో లేదు.

ఇంజినీరు చెయ్యి ఆపే మీట మీదే ఉంది. నొక్కలేదు. ఆయన కళ్లు మాత్రం వాటంతటవే శబ్దం కొలిచే మీటరు మీదికి వెళ్లాయి. ముల్లు ఎర్రగీత దాకా పోయి, దాటకుండా దిగింది. శబ్దం పగలలేదు, బాగా వచ్చింది, అనుకున్నాడు. అలా అనుకున్నానని ఆయనకి ఆ క్షణంలోనే తెలిసింది. ఆయన చేతి మీద మాస్టారి చెయ్యి పడింది, జిగటగా, తడిగా.

"ఆపకు," అన్నాడు మాస్టారు మెల్లిగా.

నలభై సెకన్లు అలాగే గడిచాక సన్నాయి నేల మీదికి జారిపోయింది. అప్పుడు లేచి వెళ్లాడు ఇంజినీరు. నీళ్లు తాగించి, ఆటో పిలిచి ఎక్కించాడు.

మూడోరోజు మాస్టారు వచ్చి ఆ ముక్క పెట్టమన్నాడు. కళ్లు మూసుకుని విన్నాడు. "లక్షలు పోసినా దొరకదయ్యా ఇది. పాట చివర ఇదే పెడదాం. ఆ ఫోను గొంతు తీసెయ్."

"ఆవిణ్ణి ఒకమాట అడిగితే బాగుంటుందేమో మాస్టారూ."

"ఏమని అడుగుతావు? మీ అమ్మ పోయినప్పుడు బాగా ఏడ్చావు, వాడుకోమంటావా అనా? నీ పని నువ్వు చూడు."

ఇంజినీరు తన పని తాను చూశాడు. తమ్ముడి గొంతుని వెంట్రుకవాసి ముక్కలుగా కోసి తీసేశాడు. అది తీయాలంటే ముందు వినాలి. ఒక్కో మాటా యాభై అరవైసార్లు విన్నాడు. సాయంత్రమయ్యేసరికి ఏడుపు ఒక్కటే మిగిలింది. మాస్టారు మళ్లీ విని మొహం చిట్లించాడు.

"పైకి వెళ్లేచోట శ్రుతికి కొంచెం కిందుంది. పంచమానికి లాగు."

ఇంజినీరు లాగాడు. తల్లి పోయిన మనిషి ఏడుపుని కంప్యూటరు తెర మీద వేలితో పట్టుకుని, గీత మీద కూర్చునేదాకా పైకి జరిపాడు. పని చక్కగా కుదిరింది. ఆ సాయంత్రం ఇంటికెళ్లి కంచం ముందు కూర్చుని, దాన్ని పక్కకి నెట్టేశాడు. భార్య నుదుటి మీద చెయ్యి వేసి, జ్వరమేమీ లేదే అంది. ఏమీ లేదన్నాడు.

పదిహేను రోజులకి సన్నాయి పనిలోకి వచ్చింది. చిక్కిపోయింది. రెండో చరణం పాడాల్సి ఉంది. "రా తల్లీ, నీ దశ తిరిగింది," అంటూ మాస్టారే ఎదురొచ్చాడు. ఇంజినీరు ఆమెతో ముందే చెప్పాలనుకున్నాడు. మెట్ల దగ్గర చెప్పాలనుకున్నాడు, తలుపు దగ్గర చెప్పాలనుకున్నాడు, చెప్పలేదు. ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. ఎక్కడ ఎత్తుకోవాలో తెలియడానికి అంతవరకూ తయారైన పాట వినిపించాడు. మాస్టారు ఏడుపుని పాట చివరే కాక, రెండో చరణానికి ముందు కూడా పెట్టించాడు.

అద్దంలోంచి ఆమె మొహం కనిపిస్తూనే ఉంది. అది విన్నాక ఆమె హెడ్‌ఫోన్లని రెండు చేతులతో చెవులకి అదిమి పట్టుకుంది.

"ఇది నాదేనా అన్నా?" అంది మైకులో.

"నీదేనమ్మా."

"ఆ రోజుదా?"

"అవును."

ఆమె బయటికి వచ్చింది. మాస్టారి ముందు నిలబడి, గొంతు పెంచకుండా, "అది తీసెయ్యండి. ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు ఏడ్చి పెడతాను. అది మాత్రం వద్దు," అంది.

"ఏడ్చి పెట్టడం నీకు రాదమ్మా, నాలుగుసార్లు చూశాంగా," అన్నాడు మాస్టారు కమలాపండు తొక్క చెత్తబుట్టలోకి విసురుతూ. "ఊళ్లో అందరూ మీ అమ్మ కోసం ఏడుస్తారు. అదృష్టవంతురాలు ఆవిడ."

సన్నాయి చెప్పులేసుకుని వెళ్లిపోయింది. ఆ క్షణాన ఇంజినీరుకి తాను మనిషినని నిరూపించుకోవాలనిపించింది. మాస్టారు చూస్తుండగానే ఆ రోజు రికార్డింగు మొత్తం చెరిపేశాడు. కోసింది, కోయనిది, బీరువాలో దాచిన డిస్కులోది, అన్నీ.

మాస్టారు అడ్డుపడలేదు. "మిక్సు చేసిన పాట నిన్ననే టీవీ వాళ్లకి పంపేశాను. రెండో చరణం లేకపోయినా వాళ్లకి చాలట. పళ్లు బాగున్నాయి, ఒకటి తిను," అన్నాడు.

పాట వచ్చింది. ఆ సీరియల్లో అప్పట్నుంచి ఎవరు పోయినా అదే ఏడుపు పెట్టేవారు. ఒకనాడు ఇంజినీరు ఇంట్లోకి అడుగుపెడుతుంటే భార్య టీవీ ముందు కళ్లు తుడుచుకుంటోంది. "ఎవరో గానీ ఎంత బాగా ఏడ్చిందండీ," అంది. ఆయన గుమ్మంలోంచే వెనక్కి తిరిగి వీధి చివరిదాకా నడిచి, మురుగుకాల్వ పక్కన కూర్చుని వాంతి చేసుకున్నాడు.

ఆ ఆదివారం సన్నాయి ఇంటికి వెళ్లాడు. ఆమె తలుపు తీసి, లోపలికి రమ్మని, కుర్చీ చూపించింది. ఇప్పుడు బళ్లో సంగీతం టీచరుగా చేరానని చెప్పింది. ఆయన ఉన్నదున్నట్టు చెప్పేశాడు. మొదటి ఫోను నుంచీ చూశానని, నోరెత్తలేదని, శ్రుతి చేసింది కూడా తనేనని.

ఆమె అంతా వింది. "మొదట ఫోను చేసినప్పుడు అమ్మ ఉంది. గంటపైన ఉంది," అంది. "మీతో నాకొక పనుంది. ఆ రోజు తమ్ముడు ఫోనులో ఇంకా ఏదో చెప్పాడు. అమ్మ చివర్న ఏదో అందని. నాకు వినబడలేదు. వాడిప్పుడు ఒకసారి నిన్నే అడిగిందక్కా అంటాడు, ఇంకోసారి ఏమీ అనలేదంటాడు. గట్టిగా అడిగితే లేచి వెళ్లిపోతాడు. మీ దగ్గర కోయనిది ఉంటుందిగా, అదివ్వండి," అంది.

ఇంజినీరు కుర్చీ అంచుకి జరిగాడు.

"చెరిపేశాను. ఆ రోజే. నీ కోసమనే అనుకున్నాను."

ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "వినుంటారుగా. ఏమంది?"

విన్నాడు. యాభై అరవైసార్లు విన్నాడు. నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. అబద్ధం చెబుదామా అనుకున్నాడు, నిన్నే తలచుకుందట అందామా అనుకున్నాడు. చివరికి నిజమే చెప్పాడు.

"'పాడుకోనీరా, పని మధ్యలో దాన్ని పిలవకు' అందట. మీ తమ్ముడే ఉండబట్టలేక చేస్తూ ఉన్నాడు."

సన్నాయి ఆయన మొహంలోకి తిన్నగా చూసింది. ఆ చూపులో కోపం లేదు. కాలికి అంటిన దాన్ని చూసుకున్నట్టు చూసింది.

"మీకు పనికొచ్చే మాటే అందన్నమాట మా అమ్మ," అంది.

"ఒట్టమ్మా. నిజం."

"మీరు ఇంటికి వెళ్లండి ఇంజినీరు గారూ."

ఆయన లేచాడు. తమ్ముణ్ణి ఇంకోసారి అడిగి చూడమనబోయి ఊరుకున్నాడు. గుమ్మం దాటాక వెనక తలుపు గడియ పడింది. పక్కింటి టీవీలో ఆ సీరియల్ పాత భాగాలు మళ్లీ వేస్తున్నారు. ఆయన చెవులు మూసుకుని, గబగబా రోడ్డు మీదికి నడిచాడు.