రెండు ఇంగ్లీషులు

ఆ స్కూల్లో పదకొండో తరగతి పిల్లలకు ఇంగ్లీషు రెండు రకాలుగా ఉండేది. ఒకటి కోర్. ఉత్తరాలు, నోటీసులు, రిపోర్టులు రాయడం, కొన్ని పాఠాలు. శ్రద్ధగా చదివితే తొంభై మార్కులు దాటడం పెద్ద కష్టం కాదు. రెండోది ఎలెక్టివ్. అందులో ఒక నవల, నాటకం, కవిత్వం, పొడుగాటి వ్యాసాలు. ఎంత బాగా రాసినా మార్కులు ఎనభై దగ్గర ఆగిపోతాయని పిల్లల్లో పేరు. రెండింటిలో ఏదో ఒకటే తీసుకోవాలి. ఎలెక్టివ్ చెప్పేది విజయదుర్గ.

ఆవిడది ముమ్మిడివరం. భర్త వెంకటసత్యనారాయణకు షుఐబాలో పెట్రోకెమికల్ ప్లాంటులో ఉద్యోగం రావడంతో కువైట్ వచ్చింది. సాల్మియాలోని ఈ ఇండియన్ స్కూల్లో మొదట చిన్న తరగతులకు చెప్పి, మెల్లగా పెద్ద తరగతులకు వచ్చింది. ఎలెక్టివ్ క్లాసు పెట్టమని అడిగి పెట్టించుకున్నది కూడా ఆవిడే. లైబ్రరీ పక్కన చిన్న గది. గుండ్రంగా వేసుకుంటే పట్టేటన్ని కుర్చీలు. మిగతా పీరియడ్లు ఎలా గడిచినా, ఆ గదిలోకి వెళ్ళేటప్పుడు విజయదుర్గ నడక మారుతుందని స్టాఫ్‌రూంలో నవ్వుకునేవారు.

2008 ఏప్రిల్లో ప్రిన్సిపాల్ ఆవిడను పిలిచింది. టీచర్లు చాలడం లేదని, పన్నెండు మంది చేరితేనే ఎలెక్టివ్ నడుపుతామని, లేకపోతే ఏడో తరగతి సెక్షన్లు తీసుకోవాల్సి వస్తుందని చెప్పింది. చెప్పిన తీరులో కోపం లేదు, బుజ్జగింపూ లేదు. విజయదుర్గ సరేనని వచ్చేసింది.

ఆ వారం చివరికి పదకొండు మంది చేరారు. పన్నెండో పేరు కోసం వెతుక్కుంటూ ఉంటే ఆవిడకు హుస్నా గుర్తొచ్చింది. కామర్స్ తీసుకున్న పిల్ల. పదో తరగతిలో లైబ్రరీ పుస్తకాలు అందరికంటే ముందు మార్చుకునేది. ఒకసారి ఏదో కథ మీద ఆ పిల్ల రాసిన జవాబును విజయదుర్గ స్టాఫ్‌రూంలో పైకి చదివి వినిపించింది కూడా. అలాంటి పిల్ల కోర్ పెట్టుకుంది.

ఇంటర్వెల్‌లో వరండాలో ఆపి అడిగింది. "కోర్ ఎందుకు పెట్టావమ్మా?"

"మా నాయనతో మాట్లాడి పెట్టినా మిస్."

విజయదుర్గకు ఆ ఒక్క మాట చాలింది. ఇలాంటి తండ్రులను ఆవిడ చాలామందిని చూసింది. "అయితే మీ నాన్నగారిని ఒకసారి రమ్మను. నేను మాట్లాడతాను" అంది. హుస్నా ఇంకేదో చెప్పబోయింది గాని, బెల్లు కొట్టారు.

హుస్నా తండ్రి నూర్ మహమ్మద్‌ది రాయచోటి. బ్నీద్ అల్ గార్‌లో టైలరింగ్ షాపు. లైసెన్సు కఫీల్, అంటే స్పాన్సరుగా ఉన్న కువైటీ పేరు మీద ఉన్నా, కత్తెర పట్టేదీ కుట్టేదీ ఇతనే. మధ్యాహ్నం షాపు మూసే వేళకు బయల్దేరి స్కూలుకు వచ్చాడు. దుమ్ముగాలి రోజు. కనుబొమల నిండా సన్నటి ఇసుక. కూర్చోమనేదాకా నిలబడే ఉన్నాడు.

"మా పాప ఏమన్నా తప్పు చేసిందా మేడం?"

"అయ్యో, అదేం లేదండి. చాలా మంచి పిల్ల. ఇంగ్లీషు సంగతి మాట్లాడదామని రమ్మన్నానండి." విజయదుర్గ రెండు రకాల ఇంగ్లీషు గురించీ విడమరిచి చెప్పింది.

అతను అంతా విన్నాడు. "రెండూ ఇంగ్లీషే గదా మేడం. మార్కులు యాడ ఎక్కువొస్తాయి?"

"కోర్‌లోనేనండి."

"సదివేది యాడ ఎక్కువ?"

"ఎలెక్టివ్‌లోనండి."

"మరి ఏంటికి మారమంటాండారు?"

ఈ ప్రశ్నకు విజయదుర్గ దగ్గర ఏళ్ళుగా ఒక జవాబు ఉంది. సాహిత్యం చదివితే ఆలోచన పెరుగుతుందని, భాష మీద పట్టు వస్తుందని, రేపు ఏ ఉద్యోగానికి వెళ్ళినా నలుగురిలో మాట్లాడగలుగుతారని. అదే చెప్పింది. మెడపట్టీ ఎలా కావాలో వివరించే గిరాకీ మాట విన్నట్టుగా, నూర్ మహమ్మద్ ఒక్క మాటా పోనివ్వకుండా విన్నాడు.

"మీరు చెప్పేది మంచిదే అయింటాది. నాకు ఇంగ్లీషు తెల్దు మేడం. ఇన్నేండ్లలో స్కూలోళ్ళు నాకు ఫోన్ చేసినారంటే పాపకు జరమొచ్చింది, వచ్చి తీసుకపో అనడానికే. దాని సదువు గురించి మాట్లాడాలని పిలిచింది మీరొక్కరే. మీరు మార్చమంటే మారుస్తా. సంతకం యాడ పెట్టల్ల?"

విజయదుర్గ కాగితం ముందుకు జరిపి పెన్ను ఇచ్చింది. అతను పెన్ను పట్టుకుని ఆగాడు.

"ఒకటడుగుతా, ఏమనుకోవద్దండి. పాప చేరకపోతే మీకేమన్నా ఇబ్బందా?"

ఆ అడగడంలో అనుమానమేమీ లేదు. బట్టలు పండగలోపల కావాలా, తర్వాతైనా పర్వాలేదా అని అడిగినట్టే అడిగాడు. కాదని చెప్పేద్దామని విజయదుర్గకు అనిపించింది. నోరు తెరిచాక ఆ మాట రాలేదు.

"ఇబ్బందేనండి. పదకొండు మందే ఉన్నారు. ఇంకొకరు లేకపోతే క్లాసు తీసేస్తారు. నన్ను ఏడో తరగతికి పంపుతారు."

"జీతం తగ్గిస్తారా?"

"లేదండి."

"అయితే మర్యాద తగ్గుతాది."

"అలాంటిదేనండి."

నూర్ మహమ్మద్ పెన్ను బల్ల మీద పెట్టాడు. "అట్లయితే పాపను పిలిపించండి. మీ కోసరం నేను సంతకం పెట్టేస్తా. సదవాల్సింది మాత్రం అది."

హుస్నాను క్లాసులోంచి పిలిపించారు. తండ్రి పక్కన నిలబడింది. అతను చుట్టూ తిప్పకుండా అడిగేశాడు. "మేడంకు ఇంకొకరు కావల్లంట. నువ్వు చేరతావా?"

హుస్నా ఇద్దరి మొహాలూ చూసింది. "చేరను."

"మీ నాన్నగారు ఒప్పుకున్నారమ్మా" అంది విజయదుర్గ.

"మా నాయన ఎప్పుడూ వద్దనలేదు మిస్. నీ ఇష్టం అన్నాడు. నేనే కోర్ పెట్టినా."

"నీకు కథలంటే ఇష్టం కదా?"

"ఇష్టమే మిస్. అందుకే వద్దంటాండ." ఆ పిల్ల ఇక చెప్పక తప్పదన్నట్టు చెప్పింది. "పోయిన సంవత్సరం మీరు ఒక కథ చెప్పి మాకు ప్రశ్నలిచ్చినారు గదా. నా జవాబు బాగుందన్నారు. ఇప్పుడు ఆ కథ తలుచుకుంటే ప్రశ్నలే గుర్తొస్తాయి మిస్. కథ గుర్తు రాదు. చదివేవన్నీ అట్లయిపోతే నాకు చదువుకునేదానికి ఏమీ మిగలదు."

"పెద్దోళ్ళతో అట్ల మాట్లాడొచ్చునా?" అన్నాడు తండ్రి.

"మాట్లాడనివ్వండి" అంది విజయదుర్గ.

నూర్ మహమ్మద్ లేచి, ఇచ్చిన మాట నిలబెట్టుకోలేకపోయినట్టు ఒకటికి రెండుసార్లు సలాం చెప్పి వెళ్ళాడు. హుస్నా క్లాసుకు పోయింది. విజయదుర్గ సంతకం లేని కాగితాన్ని మడిచి చెత్తబుట్టలో వేసి, ప్రిన్సిపాల్ గదికి వెళ్ళి పదకొండు మందే ఉన్నారని చెప్పింది. ఇంకో రెండు రోజులు గడువు ఇస్తానని ప్రిన్సిపాల్ అంది. అక్కర్లేదని విజయదుర్గే అంది.

సాయంత్రం సంగతి విన్న భర్త ఆశ్చర్యపోయాడు. "అదేంటి, ఇంకొకళ్ళని పట్టుకోలేకపోయావా? స్కూలు నిండా పిల్లలే కదా."

"పట్టుకోవచ్చండి. పట్టుకుని ఏం చెప్పాలో తెలియలేదు."

"ఎప్పుడూ చెప్పేదే చెప్పాల్సింది."

"అదేనండి, చెప్పబుద్ధి కాలేదు."

ఆయన టీవీ వైపు తిరిగాడు. ఆవిడ ఉల్లిపాయలు తరుక్కుంటూ కూర్చుంది. బాధగా ఉందా అంటే ఉంది. అయితే ఆ పిల్ల మీద కోపం తెచ్చుకుందామని చూసినా రాలేదు.

పదకొండు మందీ కోర్‌లో కలిశారు. ఇద్దరు తల్లులు వచ్చి తమ పిల్లలకు అన్యాయం జరిగిందని గొడవ పెట్టుకున్నారు. వేసవి సెలవుల తర్వాత ఆ ఊసు ఎవరూ ఎత్తలేదు. లైబ్రరీ పక్క గదిలో పాత కంప్యూటర్లు పెట్టి తాళం వేశారు. విజయదుర్గకు ఏడో తరగతి సెక్షన్లు మూడు ఇచ్చారు. ఒక్కో గదిలో నలభై మందికి పైనే. మొదటి నెల గొంతు పోయింది. రెండో నెల నుంచి వారానికొక పీరియడ్ ఆవిడ ఊరికే కథ చదివి వినిపించడం మొదలుపెట్టింది. వ్యాకరణం వెనకబడుతోందని కోఆర్డినేటర్ అభ్యంతరం చెప్పాడు. అప్పటినుంచి సగం పీరియడ్ చదివి, మిగతా సగం వ్యాకరణం చెప్పేది. పిల్లల్లో కొందరు వినేవారు, కొందరు బల్ల కింద చేతులు పెట్టి ఆడుకునేవారు.

హుస్నా వరండాలో ఎదురైతే తల వంచుకుని గుడ్ మార్నింగ్ చెప్పేది. కోర్‌లో మార్కులు బాగానే వచ్చాయని తర్వాత ఎవరో అన్నారు.

అయిదేళ్ళ తర్వాత, ఒక శీతాకాలం, పాలీక్లినిక్‌లో టోకెన్ తీసుకుని కూర్చున్న విజయదుర్గను పక్క వరసలోంచి ఎవరో "మిస్" అని పిలిచారు. హుస్నాయే. దూరవిద్యలో డిగ్రీ చేసి, ఫర్వానియాలో ఒక కార్గో ఆఫీసులో లెక్కలు రాస్తోందట. తండ్రికి మోకాళ్ళ నొప్పులని తీసుకొచ్చింది. ఆయన లోపల డాక్టరు దగ్గర ఉన్నాడు.

"ఇప్పుడూ చదువుతున్నావా?" అని అడిగింది విజయదుర్గ.

"బస్సులో చదువుతా మిస్. పోయేటప్పుడు గంట, వచ్చేటప్పుడు గంట." హుస్నా సంచిలోంచి ఒక లావుపాటి నవల తీసి చూపించింది. "ఇది చదివినారా?"

విజయదుర్గ ఆ పుస్తకం చదవలేదు. చదవలేదనే చెప్పింది.

"అయితే చెప్తా మిస్. మీ నంబరు రావడానికి ఇంకా టైముంది" అని హుస్నా ఆవిడ పక్కకు వచ్చి కూర్చుని, ఇంగ్లీషు పుస్తకంలోని కథను రాయచోటి తెలుగులో మొదలుపెట్టింది. విజయదుర్గ మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.