కనిపించని నంబరు

పెద్దారవీడు పక్క పల్లెలో కొండయ్యకు మూడెకరాల మిరప తోట ఉంది. కోతకు ఆడమనుషులు కావాలంటే ఇదివరకు కూలీల మేస్త్రి యల్లమ్మ ఇంటికి పోయి బతిమాలుకోవలసి వచ్చేది. ఇప్పుడా బాధ లేదు. కొడుకు సురేష్ మంచం మీద కూర్చుని ఫోనులో కూలీల యాప్ నొక్కితే చాలు, తెల్లారేసరికి ఐదూళ్ల నుంచి ఐదుగురు దిగుతారు. ఎంత సుఖం!

ఆ యాప్ వాడికి సెంటు భూమి లేదు, ఒక్క కాయ కోసిన పాపాన పోలేదు. మొదటి మూడు నెలలు ఊరికే పని చూపించాడు. అందరికీ అలవాటయ్యాక రైతు దగ్గర నూటికి పది, కూలి దగ్గర నూటికి పది కోయడం మొదలుపెట్టాడు. వీళ్లిద్దరూ నేరుగా మాట్లాడుకుంటే వాడి పది పోతుంది కదా! అందుకని ఒకరి నంబరు ఒకరికి కనబడనీయడు. ఫోను చేయాలన్నా వాడి మీదుగానే, అదీ పని జరిగినంతసేపే. ఊరి పేరు సైతం చూపడు. ఇదంతా తెలివి అని మనవాళ్లు మెచ్చుకున్నారు.

మార్చి నెలలో ఒకనాడు పదకొండు గంటలప్పుడు ఎలీషబా అనే కూలి మనిషి సాలులోనే కూలబడింది. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. వడదెబ్బ. ఆమె దగ్గర ఫోను లేదు. ఈమె ఎవరని అడిగితే తక్కిన నలుగురూ, "మాకు తెల్దన్నా, పొద్దున ఈడనే చూసినాం" అన్నారు.

ఆటో ఎక్కించేటప్పుడు సురేష్, పాపం, కూలైనా ఆమెకు పడనీ అనుకుని, యాప్‌లో పని ముగిసిందని నొక్కాడు. మంచి మనసుతోనే నొక్కాడు. దాంతో ఆమె ఇంటికి ఉన్న ఒక్క దారీ మూసుకుపోయింది.

మార్కాపురం ఆసుపత్రిలో డాక్టరమ్మ, "పరిస్థితి బాగాలేదు, ఈమె తాలూకు వాళ్లను పిలవండి" అంది.

"ఫోను చెయ్ రా!" అన్నాడు కొండయ్య.

"పోవడం లేదు నాయనా. పని అయిపోయిందంట, ఇంక కలపరంట."

కంపెనీకి చేస్తే ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా, "వివరాలు ఇవ్వడానికి వీల్లేదు సార్" అంది.

ఎలీషబా మధ్యమధ్య కళ్లు తెరిచి "రోజీ... రోజీ" అంటోంది. రోజీ ఎవరు? ఏ ఊళ్లో ఉంది? ఆరుసార్లు తన చేనికి వచ్చిన మనిషిని ఒక్కసారైనా "ఏ ఊరమ్మా మీది?" అని అడగలేదే అని కొండయ్య నెత్తి కొట్టుకున్నాడు. చివరికి సిగ్గు విడిచి యల్లమ్మను పిలిచాడు.

ఆమె వచ్చి, నాలుగు ఊళ్ల మేస్త్రీలకు ఫోను చేసి, పుల్లలచెరువు దిక్కున కూతురు రోజీని పట్టుకుంది. రోజీ వచ్చేసరికి తల్లి ప్రాణం పోయి గంటయింది.

"పన్నెండుకే ఇంట్లో ఉన్న ఫోనుకు మెసేజ్ వచ్చినాది పెద్దనాయనా, పని అయిపోయిందని. రైతుకు ఎన్ని మార్కులు ఇస్తావంటే ఐదుకు ఐదూ ఇచ్చినా. అమ్మ వస్తాదని అన్నం వండి పెట్టినా" అని ఆ పిల్ల గోడకు తల కొట్టుకుంది.

కొండయ్య యల్లమ్మ ముందు చేతులు జోడించి బావురుమన్నాడు.

"నేనూ తలకు ఇరవై తీసుకున్నదాన్నే, కాదన్ను" అంది యల్లమ్మ. "కానీ ఎవురు ఎవురి బిడ్డో నాకు తెలుసు. వాడు మనుషుల్ని కలిపినందుకు కాదు అన్నా, దుడ్లు తీసుకునింది, మనం ఒకరికొకరం తెలవకుండా పెట్టినందుకు. పనికి పిలిచిన మనిషి ఊరూ పేరూ అడగండి నాయనా, దానికి ఎవురికీ పైసా కట్టే పనిలేదు."