కాప్రా చెరువులో యోనా

పోలీసు యాక్షన్ అయిన నెల, రెజిమెంటల్ బజార్‌లోని నా కుట్టుమిషన్‌కు ఊపిరాడలేదు. మిలిటరీ బట్టలు గుట్టలుగా వచ్చిపడ్డయి. నా భార్య కరుణమ్మకు చదువు రాదు. పెండ్లయిన కాడినుంచి రోజుకొక అధ్యాయం బైబిలు నేనే చదివి వినిపించేది. ఆపిన చోట ఆమె ఎర్రదారం పెట్టేది.

ఆ నెల ఆమె జ్వరంతో మంచం పట్టింది. యోనా ప్రవక్తను పెద్ద చేప మింగిన కాడ మా చదువు ఆగింది. పుస్తకం తెరిచే తీరిక లేక, మిషన్ తొక్కుకుంటనే రోజూ కోతలు కోసిన.

"ఇయ్యాల ఆ చేప కాప్రా చెరువుకొచ్చిందే. లోపల యోనా చుట్ట కాలిస్తే నీళ్లమీద పొగ లేచిందట!"

ఆమె దగ్గుకుంటనే నవ్వింది. "తొమ్మిది దినాలాయె, పాపం. జెర బయటికి తియ్యవయ్యా."

"రేపు తీస్తలే. ఈ పది చొక్కాలు కానీ."

తెల్లారేసరికి ఆమె లేదు.

సమాధి కాడినుంచి వచ్చి పుస్తకం విప్పిన. ఎర్రదారం నేను ఆపిన కాడనే ఉంది. నా కోతలకు ఆమె ఒక్క పేజీ సుత జరపలేదు. తర్వాతి అధ్యాయం చదివిన. పట్టుమని పది వచనాలే. చివర్ల యోనా బయటపడ్డడు. చేప కడుపుల ఉన్నది మూడు దినాలే.

ఇప్పుడు రోజూ సూదిల దారం ఎక్కించకముందే ఒక అధ్యాయం పైకి చదువుత, ఉన్నదున్నట్టు. ఎర్రదారం మాత్రం నేనే పెట్టుకోవాలె.